పెంపుడు బడ్జీని మాక్రో లెన్స్‌తోని దగ్గరి నుంచి ఫోటో తీసుడెట్ల: లెన్స్ కంటే ముందు పిట్టను ఒప్పియ్యాలె

మాక్రో లెన్స్, అంటే చిన్న వాటిని దగ్గరి నుంచి పెద్దగ తీసే లెన్స్, కొన్న ప్రతోడు మొదటి రోజు చేసే పని ఒకటే, ఫోకస్ రింగ్ 1:1 కాడికి, అంటే అన్నిటికంటే దగ్గరికి తిప్పేసి పిట్ట మొకం మీదికి లెన్స్ తీస్కపోవుడు. నేను గూడ గదే చేసిన. నల్లగొండల మా ఇంట్ల బఠాణి అని ఒక ఆకుపచ్చ బడ్జీ, అంటే చిన్న చిలుక లెక్కుండే పెంపుడు పిట్ట, ఉంటది. 100 ఎంఎం మాక్రోతోని 1:1 కాడ తీయాలంటే లెన్స్ ముంగటి అద్దానికీ పిట్టకూ నడుమ జానెడు జాగ గూడ ఉండది, ఆ నల్ల గొట్టం అంత దగ్గరికి వచ్చేసరికి బఠాణి రివ్వున లేచి కర్టెన్‌కు గుద్దుకొని అల్మారి ఎన్కకు పడ్డది, అల్మారి జరిపి బయటికి తీసుడు ఒక పెద్ద పని అయింది, ఆ తర్వాత మూడు రోజులు నా చెయ్యి మీదికే రాలే. అమ్మ తలుపుకాడ నిలబడి చూస్తాంది. "గా గొట్టం దాని మొకం మీద పెడితే బెదరదా బిడ్డా, నీ మొకం మీద ఎవడన్న పెడితే నువ్వుంటవా" అన్నది. ఆమెకు అపర్చర్ అంటే, లెన్స్‌ల వెలుతురు పోయే కంత అంటే, ఏందో తెల్వదు గని అసలు పాఠం గా ఒక్క మాటలనే ఉంది. అందుకే ఈ గైడ్‌ల కెమెరా సెట్టింగుల కంటే ముందు పిట్ట సంగతి వస్తది, సెట్టింగులే కావాలె అనుకునేటోళ్ళు కిందికి పోయి చూస్కోండి గని మళ్ళ తిరిగి పైకి రావాల్సొస్తది, ముందే చెప్తున్న.

ఏ పిట్ట

రామచిలుకను పంజరంల పెట్టుకునుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మన ఊర్లల్ల చాన ఇండ్లల్ల ఉంటయి, చిన్నప్పుడు మా తాత ఇంట్ల గూడ ఉండె, అయినా నేరం నేరమే. ఇగ దాన్ని మాక్రోల తీసి ఇన్‌స్టాల పెట్టుడంటే మన మీద మనమే సాక్ష్యం చెప్పుకున్నట్టు. నేను చెప్పేది బడ్జీలు, కాక్‌టీల్‌లు, జీబ్రా ఫించ్‌ల గురించి. ఈ మూడింటి పుట్టుక ఆస్ట్రేలియా దిక్కు, ఇక్కడ పంజరాలల్లనే పొదిగి పెంచుతరు. బడ్జీ ముక్కు నుంచి తోక దాక సుమారు 18 సెంటీమీటర్లు, బరువు 30, 40 గ్రాములు. అంత చిన్న ప్రాణం కాబట్టి దాని కంటికి మన లెన్స్ ఎంత పెద్దగ కనిపిస్తదో జర ఊహించుకోండి.

లెన్స్ ఏది, ఎంత దూరం

60 ఎంఎం వద్దు, పిట్టకు మరీ దగ్గరికి పోవాల్సొస్తది. 90, 100, 105 ఎంఎం, ఈ మూడిట్ల ఏదైనా సాలు. కానన్, నికాన్, టామ్రాన్, సిగ్మా అందరివీ ఉన్నయి, పాత మోడల్ సెకండ్ హ్యాండ్‌ల దొరికినా ఏం ఫికర్ లేదు, మాక్రో లెన్స్‌లు మామూలుగ పాతయి గూడ షార్ప్‌గనే ఉంటయి. కొనే ముందు హైదరాబాద్‌ల రెండు రోజులు అద్దెకు తెచ్చుకొని చూడుండ్రి, పైసలు మిగుల్తయి.

ఇప్పుడు అసలు ముచ్చట. బతికున్న పిట్టను 1:1 ల తీయకండి. 1:1 అంటే పిట్ట మీద ఒక సెంటీమీటరు కెమెరా లోపట ఫోటో పడే పలక, అంటే సెన్సర్ మీద గూడ ఒక సెంటీమీటరే పడ్తది, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 ఇంటూ 24 మిల్లీమీటర్లు కాబట్టి ఫ్రేమ్ మొత్తం పిట్ట తలకాయే నిండుతది. వినడానికి మస్తుంటది, తీసినప్పుడు తెలుస్తది దాని తిప్పలు. 1:1 ల అపర్చర్ అంకె ఎఫ్8 పెడితే (అంకె పెరిగితే కంత చిన్నగైతది) ఫోకస్‌ల ఉండే మందం ఒక్క మిల్లీమీటరు గూడ నిండదు, కన్ను షార్ప్‌గ ఉంటే ముక్కు పోతది, ముక్కు ఉంటే కన్ను పోతది. అదే 1:3 కాడ, పిట్ట మీది మూడు సెంటీమీటర్లు సెన్సర్ మీద ఒకటిగ పడే కాడ, అంటే పిట్ట కెమెరా సెన్సర్ నుంచి సుమారు అర మీటరు దూరంల ఉన్నప్పుడు, ఎఫ్8 కే దగ్గర దగ్గర ఆరు మిల్లీమీటర్లు దొరుకుతది. పిట్ట బెదరది, తల ఛాతీ నిండుగ వస్తయి, ఈక ఈక లెక్కపెట్టొచ్చు, ఇంకా దగ్గర కావాలంటే కంప్యూటర్‌ల క్రాప్ చేస్కోవచ్చు. నా మంచి ఫోటోలు పదిట్ల తొమ్మిది 1:3 చుట్టుపక్కల తీసినయే. 1:1 ను రాలిన ఈకలకు దాచిపెట్టుండ్రి, అది ఆఖరుకు చెప్త.

మొదటి పని: గొట్టానికి అలవాటు చేసుడు

కనీసం వారం పడ్తది. మొదటి రెండు రోజులు కెమెరాను లెన్స్‌తో సహా పంజరానికి నాలుగడుగుల దూరంల బల్ల మీద ఊకె పెట్టి ఉంచాలె, స్విచ్ గూడ ఏయొద్దు. మూడో రోజు నుంచి రోజుకింత దగ్గరికి జరపాలె. పిట్ట దాన్ని చూస్కుంటనే గింజలు తింటాందంటే ఒప్పుకున్నట్టు లెక్క. సన్నగ సాగి నిలబడి, ఈకలు ఒంటికి అతుక్కున్నట్టు చేసి గుడ్లప్పగించి చూస్తాందంటే మనం జరిపింది ఎక్కువైంది, ఎన్కకు తీయాలె.

లంచం కొర్ర కంకి. ఆన్‌లైన్‌ల మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్లల్ల అమ్ముతరు గదా, అది మన కొర్ర కంకే, ఇంకేం గాదు. పాలమూరు దిక్కు మా మేనత్తోళ్ళు ఇంకా కొర్రలేస్తరు, పంటప్పుడు పోయి ఒక కట్ట తెచ్చి ఎండబెట్టి పెట్టుకుంట, ఏడాదంత వస్తది. కంకిని ఫోటోల కనబడకుంట క్లిప్పుతోని కొమ్మ కింద పెడితే పిట్ట ఒక్క కాడ నిలబడి అయిదు నిమిషాలు తింటది, అంతకంటే ఏం గావాలె.

బీప్ సప్పుడు, ఫోకస్ కోసం వెలిగే ఎర్ర లైటు రెండూ మెనూలకు పోయి బంద్ చేయాలె. సైలెంట్ షట్టర్ ఉంటే అది పెట్టుకోండి. షట్టర్ సప్పుడుకు బఠాణి ఇప్పుడు టక్ అని జవాబిస్తది, మొదట్ల మాత్రం ప్రతి టక్‌కూ ఉలిక్కిపడేది.

రెండో పని: అర్ర

ఫాన్ బంద్ చేసి స్విచ్ మీద టేప్ ఏయాలె. నవ్వకండి. నేను ఫోటోలు తీస్తాంటే ఉక్కపోతకు ఎవరో ఒకరు వచ్చి అలవాటుల స్విచ్ ఏసేస్తరు, మా ఇంట్ల ఒకసారి అయింది, అప్పుడు బఠాణి నా భుజం మీద ఉండె కాబట్టి బచాయించింది. కిటికీలకు జాలి ఉండాలె, అద్దం మీద కర్టెన్ ఉండాలె, బకెట్ల నీళ్ళుంటే మూత పెట్టాలె. పక్కన వంటింట్ల నాన్‌స్టిక్ పెనం ఖాళీగ పొయ్యి మీద మాడొద్దు, ఆ పొగకు పిట్టలు నిమిషాలల్ల సచ్చిపోతయి, దోమల కాయిల్, అగర్బత్తి పొగ గూడ వాటికి పడయి.

మన దిక్కు ఎండకాలం 44, 45 డిగ్రీలు సూస్తం. మే నెలల పొద్దుగాల ఎనిమిది దాటినంక తీయుడు మానెయ్యాలె. పిట్ట నోరు తెరిచి రొప్పుకుంట రెక్కలు ఒంటికి దూరంగ పెట్టిందంటే అది పోజు గాదు, ఎండ దెబ్బ మొదలైతాందని. కెమెరా కింద పెట్టి సల్లటి జాగకు మార్చి నీళ్ళు ముంగట పెట్టాలె.

మూడో పని: వెలుతురు

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పోయి చూసినోళ్ళకు మెత్తటి వెలుతురు అంటే ఏందో నేను చెప్పే పని లేదు. లోపట లింగం మీద పొద్దంత ఒకే తీరు నీడ నిలబడ్తది, ఎందుకంటే ఎండ నేరుగ లోపటికి పోదు, తగిలి చెదిరిన వెలుతురే పోతది. బయట గుడి ముంగట నిలబడ్డ మనిషి నీడ చూడుండ్రి, అంచు కత్తితోని కోసినట్టుంటది. పిట్ట మీద మనకు లోపటి వెలుతురు గావాలె. నేరు ఎండ పడితే పసుపు మొకం తెల్లగ కాలిపోతది, రెక్కల కింద నల్లగ అయితది, ఈక అనేదే కనబడది.

నేను చేసేదేందంటే తూర్పు కిటికీకి పాత తెల్ల ధోతి ఒకటి గట్టిగ లాగి కడ్త, పిట్ట నిలబడే కొమ్మను కిటికీకి రెండడుగుల దూరంల పక్కకు పెడ్త, అటు దిక్కు నీడ పడే వైపు ఒక ధర్మకోల్ షీట్ నిలబెడ్త, కొత్త టీవీ డబ్బల వచ్చింది, దానికి ఖర్చు సున్న. ఈ మూడుతోని స్టూడియో అయిపోయింది. ట్యూబ్‌లైట్, ఎల్‌ఈడీ అన్నీ ఆర్పేయాలె, ఒకటి కిటికీ వెలుతురు ఇంకొకటి ఎల్‌ఈడీ వెలుతురు కలిస్తే ఒక చెంప నీలం ఒక చెంప పసుపు వస్తది, మళ్ళ మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకండ్‌కు వందసార్లు మినుకుతయి, సైలెంట్ షట్టర్‌ల ఆ మినుకు ఫోటో మీద చారలు చారలుగ పడ్తది. ఫ్లాష్ గురించి అడుగుతరు. పెద్ద సాఫ్ట్‌బాక్స్ పెట్టి పక్క నుంచి కొట్టేటోళ్ళున్నరు, ఫోటోలు బాగనే వస్తయి, నేనైతే కొట్ట, ధోతి ఉండగ నాకు దాని అవసరం పడలే.

నాలుగో పని: సెట్టింగులు

మాన్యువల్ మోడ్, ఎఫ్8, షట్టర్ 1/320, అంటే సెకండ్‌ల 320వ వంతు, ఆటో ఐఎస్ఓ, అంటే వెలుతురును ఎంత పెంచి చూపాలెనో కెమెరానే చూస్కుంటది, దానికి మీది హద్దు 3200. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉంటే 6400 దాక పోవచ్చు. పిట్ట కదలకుంట కూసున్నట్టే కనిపిస్తది గని లోపట ఊపిరి చకచక ఆడుతాంటది, తల టక్కు టక్కున తిప్పుతది, 1/125 ల తీస్తే పదిట్ల రెండు గూడ మిగలయి. ఐఎస్ఓ మరీ పెరిగి ఫోటో మీద గరుకు చుక్కలు రాకుంట గూడ చూడాలె కాబట్టి 1/320 నుంచి 1/500 నడుమ పెట్టుకోండి. ఎఫ్16 దాటి పోకండి, దాటితే ఫోటో మొత్తం షార్ప్ తగ్గి మెత్తబడ్తది. చెయ్యి వణుకును ఆపే లెన్స్ స్టెబిలైజర్ మీద గూడ పెద్ద ఆశ పెట్టుకోవద్దు, దగ్గరికి పోయిన కొద్దీ అది పని చేసుడు తగ్గుతది, మనం ముంగటికి ఎన్కకు ఊగేది అది ఆపలేదు. అందుకే నేను కుర్చీల కూసొని ముంగట బల్ల మీద రెండు మెత్తలు ఏసి మోచేతులు వాటి మీద పెడ్త.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ఫోటో ఎంత వెలుగుగ రావాలె అనే సెట్టింగు, ఒక మూడో వంతు నుంచి రెండు మూడో వంతుల దాక తగ్గించాలె. ఆకుపచ్చ బడ్జీ మొకం పసుపు, ఆ పసుపు అన్నిటికంటే ముందు కాలిపోతది, కెమెరా తెర మీద చూస్తే బాగనే కనిపిస్తది, కంప్యూటర్ పెద్ద తెర మీద చూస్తే ఈకలుండయి, పసుపు పెయింట్ ఏసినట్టుంటది. రా ఫైల్‌ల, అంటే కెమెరా కుదించని పూర్తి ఫైల్‌ల తీయండి. రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్ డేలైట్ మీద కట్టేయండి, ఆటో పెడితే ఆకుపచ్చ పిట్టను చూసి అది పరేషాన్ అయితది.

అయిదో పని: ఫోకస్

లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే దగ్గరి దూరాలకు పెట్టుకోండి, లేకుంటే ఫోకస్ దొరకనప్పుడు మోటర్ గిర్రున ఆ చివరి దాక పోయి వస్తది, గప్పటికి పిట్ట అటు తిరుగుతది. కంటిన్యువస్ ఫోకస్, ఒకే చిన్న పాయింట్, ఆ పాయింట్ కన్ను మీద. కొత్త కెమెరాలల్ల పక్షి కన్ను పట్టుకునే మోడ్ ఉంది, పని చేస్తది, గని మరీ దగ్గరికి పోతే కన్ను బదులు సీర్ మీద, అంటే ముక్కు మీది మెత్తటి తునక మీద కూసుంటది, ఒక కన్నేసి ఉంచాలె.

1:2 కంటే దగ్గరికి పోవాలంటే ఆటో ఫోకస్ ఇడిసిపెట్టి మాన్యువల్ పెట్టుకొని రింగ్ ఒక్క కాడ ఉంచి మనమే ఒళ్ళు ముంగటికి జర వంచుకుంట కన్ను షార్ప్ అయితాంటే వరుసగ అయిదారు కొట్టాలె. ఇరవై తీస్తే ఒకటి కుదురుతది, ఆ లెక్కకు అలవాటు పడాలె.

టైము గూడ చూస్కోవాలె. పొద్దుగాల తిండి తిన్నంక ఈకలు దువ్వుకుంటది, అప్పుడు తల తిప్పుడు ఎక్కువ, 1:3 కు మంచి టైము. పగటి పూట ఒంటిగంట రెండు గంటలకు కునుకు పడ్తది, ఒక కాలు కడుపుల దాచుకొని ఈకలు ఉబ్బించి ముక్కును కర్ కర్ నూరుకుంట కూసుంటది, అది సుఖంగ ఉన్నట్టు గుర్తు. దగ్గరికి పోవాలంటే గప్పుడే పోవాలె, మెల్లగ, ఎదురుంగ గాకుంట పక్క నుంచి. పిట్టను తినే జంతువు ఎదురుంగ చూస్కుంట వస్తది కాబట్టి ఎదురుంగ వచ్చే దేనికైనా పిట్ట బెదురుతది.

ఏం తీయాలె

కన్ను. ఇది ఒక్కటి సరిగ్గ వస్తే మిగతాది ఎట్లున్నా ఫోటో నడుస్తది. పెద్ద బడ్జీకి నల్ల గుడ్డు చుట్టూ తెల్లటి చుట్టు ఉంటది, పిల్లకు ఉండది, కన్ను మొత్తం నల్లగనే ఉంటది, నుదురు మీద ముక్కు దాక నల్ల గీతలుంటయి, మూడు నాలుగు నెలలకు మొదటి ఈకలు రాలినప్పుడు ఆ గీతలు పోతయి. నా మొదటి మంచి కన్ను ఫోటో పెద్దగ చేసి చూస్తే ఏముందో తెలుసా, కిటికీ ఊచలు ఏడు లెక్కపెట్టొచ్చు, ఊచల పక్కన ఎర్ర టీషర్ట్ ఏసుకున్న నేను, నా ఎన్క తలుపుకాడ అమ్మ. అప్పటి నుంచి ఫోటోలకు బూడిద రంగు అంగీ ఏసుకుంట, కిటికీకి ధోతి కట్టుడు గూడ సగం దీని కోసమే, కన్నుల ఊచల బదులు ఒక్క తెల్లటి వెలుగు ముక్క పడ్తది. అప్పుడప్పుడు కన్ను మీద పాల మీగడ లెక్క పొర కనబడ్తది, పిట్టకు రోగం అని భయపడకండి, వాటికి మూడో రెప్ప ఉంటది, అడ్డంగ జరిగి పోతది, వరుసగ కొడితే పక్క ఫ్రేమ్‌ల ఉండది. రెప్ప ఎప్పుడూ అట్లనే సగం మూసుకొని ఉంటే మాత్రం పశువుల డాక్టర్‌కు చూపియ్యాలె.

సీర్. పెద్ద మగ బడ్జీకి నీలం, ఆడదానికి గోధుమ రంగు లేకుంటే తెలుపు కలిసిన లేత రంగు, తెల్ల పిట్టలు, మొత్తం పసుపు పిట్టలల్ల మగదానికి గూడ గులాబీ రంగే ఉంటది. దగ్గరగ తీస్తే దాంట్ల ముక్కు రంధ్రాలు, వాటి అంచు మీద అంటిన కొర్ర పొట్టు గూడ కనబడ్తది. తీసే ముందు తడి దూదితోని తుడుస్త అని దగ్గరికి పోకండి, కొరుకుతది. పొట్టు ఉంటే ఉండనీయండి.

కాళ్ళు. ఎవరూ తీయరు, తీయాల్సింది ఇవే. రెండు వేళ్ళు ముంగటికి, రెండు ఎన్కకు, కొమ్మను కత్తెర పట్టినట్టు పట్టుకుంటది. పంజరంల వచ్చే ప్లాస్టిక్ కర్ర మీద ఇది అందంగ రాదు, వేప కొమ్మ కోసి కడిగి ఎండబెట్టి పెట్టండి, బెరడు గరుకు మీద ఆ వేళ్ళ పొలుసులు పడ్డ వెలుతురు వేరే ఉంటది.

ఈకలు. పోచంపల్లి చీరల నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తరు గదా, బడ్జీ నీలం అట్ల అద్దిన రంగు గాదు. ఈక పోగు లోపట కంటికి కనబడనంత సన్నటి గుల్ల నిర్మాణం ఉంటది, వెలుతురు దానికి తగిలి చెదిరి నీలంగ తిరిగొస్తది, దాని మీద పసుపు రంగు పదార్థం ఉంటే రెండూ కలిసి మనకు ఆకుపచ్చ కనబడ్తది, ఆ పసుపు లేని పిట్ట నీలం పిట్ట. అంటే వెలుతురు ఏ దిక్కు నుంచి పడ్తదో దాన్ని బట్టి రంగు వస్తది. పిట్ట ఎన్క నుంచి కిటికీ వెలుతురు వస్తే రంగు పడిపోతది, పక్క నుంచి వస్తే మెరుస్తది. ఒక నీలం ఈకను కిటికీకి అడ్డం పట్టి చూడుండ్రి, నీలం పోయి మబ్బు గోధుమ రంగు కనబడ్తది.

బ్యాక్‌గ్రౌండ్

అయిదారు అడుగుల ఎన్క ఏ రంగున్నా మొత్తం కరిగిపోతది కాబట్టి పెద్ద తిప్పలు లేదు. నేను అమ్మ నారాయణపేట చీరలు ఏసి చూసిన, గళ్ళు కరిగినా సరే కన్నుకు అడ్డం పడ్తయి. సాదా ముదురు మట్టి రంగు దుప్పటి బాగుంటది, ఆకుపచ్చ పిట్టకు ఆకుపచ్చ గోడ అస్సలు వద్దు.

రాలిన ఈక, అసలు 1:1

ఈకలు రాలే కాలంల పంజరం అడుగున దొరికినయి ఏరి కాగితం కవర్ల దాచుకోండి. ఇవి ఎగరయి, బెదరయి. ట్రైపాడ్, సెల్ఫ్ టైమర్ రెండు సెకండ్లు, ఫాన్ మళ్ళ బంద్, ఊపిరి గూడ పక్కకు తిప్పి పీల్చాలె, ఒక్క తుమ్ముకు గంట కష్టం పోతది. నల్ల అట్ట మీద ఈకను రెండు గుండుసూదుల నడుమ నిలబెట్టి 1:1, ఎఫ్5.6, ఐఎస్ఓ 100 పెట్టి ఫోకస్‌ను వెంట్రుకంత వెంట్రుకంత జరుపుకుంట పదిహేను, ఇరవై ఫోటోలు తీసి సాఫ్ట్‌వేర్‌ల కలపాలె, ఫోకస్ స్టాకింగ్ అంటరు. అప్పుడు కనబడ్తది నేత. నడుమ ఈనె, ఈనెకు రెండు దిక్కుల పోగులు, ఒక్కో పోగుకు మళ్ళ సన్న పోగులు, పడుగు పేక లెక్క ఒకదాని మీద ఒకటి. ఆ సన్న పోగుల చివర్లకు కొక్కాలుంటయి, జిప్పు లెక్క ఒకదాన్నొకటి పట్టుకుంటయి, అవి మాత్రం 1:1 ల గూడ కనబడయి, మైక్రోస్కోప్ కావాలె. పిట్ట పొద్దంత ముక్కుతోని దువ్వుకునేది ఊడిన జిప్పులు మళ్ళ ఏస్కుంటాందని ఈక చూసినంకనే నాకు సమజైంది.

లెన్స్ లేనోళ్ళకు

ఫోన్‌ల మాక్రో మోడ్ వాడకండి, అది రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలంటది, క్లిప్పు లెన్స్‌లు గూడ అంతే, పిట్ట మొకానికి ఫోన్ తగిలిచ్చినట్టే. 2ఎక్స్ లేకుంటే 3ఎక్స్ లెన్స్ పెట్టి అడుగున్నర దూరం నుంచి అదే ధోతి వెలుతురుల తీయండి, వాట్సాప్‌ల ఎవరూ తేడా పట్టలేరు.

తీసినంక

ఎంత బాగ నడుస్తాన్నా పదిహేను నిమిషాలకు ఆపేయాలె. కంప్యూటర్ ముంగట కూసున్నంక మొదట కన్ను మీద నూరు శాతం జూమ్ చేసి చూసి షార్ప్ లేనియి అన్నీ తీసెయ్యండి, పోజు ఎంత ముద్దుగున్నా సరే. షార్ప్‌నెస్ స్లైడర్ ఎక్కువ లాగితే ఈకలు గడ్డి పరకల లెక్క అయితయి, కన్ను కాడ జర, మిగతా కాడ ఏం వద్దు. బడ్జీ ఈకల నుంచి తెల్లటి సన్న పొడి రాలుతది, లెన్స్ మీద, కెమెరా మౌంట్ కాడ చేరుతది, పిట్ట ఉన్న అర్రల లెన్స్ మార్చకండి, బ్లోయర్‌తోని ఊదినంకనే బట్ట పెట్టాలె. మా లెన్స్ హుడ్ అంచుకు బఠాణి కొరికిన గాట్లు పదకొండు ఉన్నయి, ఇప్పుడు అదే గొట్టం మీదికెక్కి కూసుంటది, ఫోటో తీయనీయది.

కెమెరా సంచిల పెట్టినంక పిట్ట పంజరంలకు పోయిందా, తలుపు గొళ్ళెం పడ్డదా చూడాలె. ఫాన్ స్విచ్ మీది టేప్ తీసుడు దాని తర్వాతనే.